మూడు పసుపు చుక్కలు

జూన్ 4

వదినకి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే నన్ను తిట్టడానికి నీకు ఊపిరి ఎక్కువ ఉంటుంది.

“ఇంతకీ ఆ ఆఫీసులో నువ్వు చేసే పనేంటే?” అని ఎప్పుడూ అడుగుతావు. నేను చెప్పబోయేసరికి అన్నయ్య టీవీ సౌండు పెంచుతాడు. కాగితం మీద ఆ ఇబ్బంది లేదు కాబట్టి ఇప్పుడు చెప్తాను, విను. ఊళ్ళు పెరిగిపోతున్నాయి కదా. నిన్న పొలం ఉన్నచోట ఇవాళ అయిదంతస్తుల మేడ ఉంటోంది. అక్కడికి చేరిన జనానికి ఏ జబ్బులు వస్తున్నాయి, ఎందుకు వస్తున్నాయి, ఏం చేస్తే తగ్గుతాయి అని ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. దానికి దొరికే డబ్బు గుప్పెడు, తేల్చాల్సిన ప్రశ్నలు గంపెడు. ముందు పొగ సంగతి చూడాలా, దోమల సంగతా, నడవడానికి చోటు లేకపోవడమా, నిద్ర పట్టకపోవడమా? ఆ ప్రశ్నల్ని వరస పెట్టడమే మా పని. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. కానీ వరసలో పైకి రాని ప్రశ్నని ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోరు.

ఈసారి ఆ వరస మీ ఊళ్ళోనే పెడుతున్నాం. ఇరవయ్యో తేదీన డాక్టర్లు, ఇంజనీర్లు, మునిసిపాలిటీ వాళ్ళు వస్తున్నారు. ఊరి శివార్ల మీద బతికేవాళ్ళు కూడా ఉండాల్సిందేనని నేను పట్టుబట్టాను. పట్టుబట్టినదాన్ని కాబట్టి మనుషుల్ని కూడా నేనే వెతుక్కోవాలి. అందుకని నువ్వు రావాలి. నువ్వు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, ఏమీ చదివి రానక్కర్లేదు. ప్రశ్నలన్నీ కార్డుల మీద రాసి గోడకి అంటిస్తాం. ఒక్కొక్కరికీ మూడేసి గుండ్రటి స్టిక్కర్లు ఇస్తాం. డాక్టర్లకి నీలం, అధికార్లకి ఆకుపచ్చ, మీలాంటివాళ్ళకి పసుపు. నీకు ముఖ్యం అనిపించిన ప్రశ్న మీద నీ చుక్కలు అంటించి, భోంచేసి వెళ్ళిపోవడమే.

కాదనకు. బస్సులో రోజంతా వేలమందితో మాట్లాడే నీకు ఇదెంత పని?

నీ పిడుగు

---

జూన్ 9

పిడుగుకి,

కూర్చునే చదివాను. డ్యూటీలో నిలబడి నిలబడి కాళ్ళు పీకుతుంటే, కూర్చోమన్న మాట ఎవరు అన్నా వదులుకోను.

ఇంకా ఈ ఉత్తరాలేంటి, ఫోను చేసుకోవచ్చుగా అని మీ అన్నయ్య సణుగుతున్నాడు. మా రెండు గదుల్లో ఫోను మాట్లాడితే నేను చెప్పేది అత్తయ్య వింటారు, నువ్వు చెప్పేది మీ అన్నయ్య ఊహించుకుంటాడు, పాప మధ్యలో దూరి ఇద్దరి తప్పులూ దిద్దుతుంది. నా పెళ్ళైన కొత్తలో నువ్వు హాస్టల్లో ఉండగా మొదలుపెట్టాం ఈ ఉత్తరాలు. వీటి జోలికి ఎవరూ రారు. వీటిని ఇలాగే ఉండనీ.

వస్తాను. కానీ ఒక చిక్కు వచ్చింది. సెలవు అడగడానికి వెళ్తే మా డిపో మేనేజరు మీ ఆహ్వానం అటూ ఇటూ తిప్పి చూసి, “మా ఉద్యోగిని పిలిచి మమ్మల్ని పిలవకపోతే ఎలాగమ్మా?” అన్నాడు. మీ ఆఫీసుకి ఫోను చేసి తన పేరు కూడా రాయించుకున్నాడట. మంచివాడే. మంచివాడు కాబట్టే ఎక్కడికైనా వెంట వస్తానంటాడు.

ఇంకో సంగతి ఉంది. ఇది చదివాక ఉత్తరం చించెయ్. నేను ఆ మీటింగుకి వెళ్తున్నానని తెలిసి మా ఆడ కండక్టర్లందరూ నన్ను చుట్టుముట్టారు. “అక్కా, అక్కడ ఆ సంగతి చెప్పు” అని ఒకటే పోరు. రాయడానికి కూడా సిగ్గుగా ఉంది, అయినా నీకే కదా. మా రూటులో ఆఖరి స్టాపు రాళ్ళ క్వారీ. కొన్నేళ్ళ కిందట అక్కడ రాళ్ళు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు మేడలు వచ్చాయి, మందుల షాపు వచ్చింది, సెలూను కూడా వచ్చింది. ఆడది పోవడానికి చోటు మాత్రం రాలేదు. డ్రైవరు గోడ వెనక్కి వెళ్ళి ఈల వేసుకుంటూ తిరిగొస్తాడు. నేను బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. అందుకని పొద్దున్న సగం గ్లాసు నీళ్ళు తాగి బయల్దేరితే మళ్ళీ ఇంటికొచ్చేదాకా నీళ్ళు ముట్టను. మేమందరం అంతే. మంట, జ్వరం, నడుం నొప్పి, ఇవన్నీ మాకు యూనిఫాంతో పాటే ఇచ్చారేమో అనిపిస్తుంది. డాక్టరు నీళ్ళు బాగా తాగమంటాడు. తాగాక ఎక్కడికి పోవాలో మాత్రం చెప్పడు.

మీ గోడ మీద ఈ ప్రశ్న ఉంటే నా మూడు చుక్కలూ దానికే. వాళ్ళకి మాటిచ్చాను.

అత్తయ్యకి మోకాళ్ళు కాస్త నయం. నీకు ఒంట్లో ఎలా ఉందో రాయవేం?

పసుపు రంగు వదిన

---

జూన్ 24

వదినా,

అలిగావా? అలిగితే అలిగానని చెప్పెయ్, ఇలా మాయమైపోతే నేనేమనుకోవాలి?

భోజనాల వేళకి నీకోసం పక్కన కుర్చీ పట్టి ఉంచాను. చూస్తే నువ్వు లేవు. గేటు దగ్గర అడిగితే ఎప్పుడో వెళ్ళిపోయిందన్నారు. అందరి ముందు “మా వదిన” అనకుండా “శివార్ల నివాసి, బస్సు కండక్టరు” అని పరిచయం చేశాననా? సొంతవాళ్ళని పిలుచుకుందని చెవులు కొరుక్కుంటారని అలా చెప్పాను. నీకు కష్టం కలిగితే క్షమించు.

ఇంకోటి నాకసలు అర్థం కాలేదు. నీ ఉత్తరం చూశాక నీ ప్రశ్న ఉన్న కార్డుని నేనే పట్టుబట్టి గోడకి ఎక్కించాను. దాని మీద ఒక్క చుక్క పడలేదు వదినా. ఏ రంగుదీ పడలేదు. నువ్వేమో నీ మూడు చుక్కలూ “పార్కులు, నడక దారులు” అనే కార్డు మీద ఒకదాని పక్కన ఒకటి కుట్టు వేసినట్టు అంటించావు. నేను దూరం నుంచి చూస్తూనే ఉన్నాను. రోజంతా నిలబడి పనిచేసే నీకు నడవడానికి దారి కావాలా? లేక ఆ సంగతి నువ్వు రాసినంత పెద్దది కాదా? నువ్వు ఊరికే నామీద జాలితో వచ్చి, ఏదో ఒకటి అంటించి వెళ్ళిపోయావేమో అని కూడా అనిపించింది.

పార్కులదే మొదటి స్థానం. మా డైరెక్టరు గారు సంబరంగా ఉన్నారు, జనానికి ఏం కావాలో జనమే చెప్పారని. నన్ను కూడా మెచ్చుకున్నారు. నాకు మాత్రం మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది.

రాయి.

పిడుగు

---

జూలై 1

పిడుగా,

అలగలేదు. పారిపోయాను.

ముందు మీ హాలు సంగతి చెప్తా. నగరాల ఆరోగ్యం అని అంత పొడుగు బేనరు కట్టారా, దాని కిందే ఒక తలుపు మీద ‘స్త్రీలు’ అని రాసి ఉంది, చూశావా? తీస్తే లోపల కప్పు దాకా ప్లాస్టిక్ కుర్చీలు. కాపలా ఆయన్ని అడిగితే, “పక్క వీధిలో ఆసుపత్రి ఉందమ్మా” అన్నాడు. భోజనానికి కూర్చుంటే నీళ్ళు తాగాలి. అందుకని వెళ్ళిపోయాను. ఇప్పుడు నవ్వుకో.

ఇక చుక్కలు. ఆ హాల్లో పసుపు చుక్కలవాళ్ళం గుప్పెడు మందిమి. అందులో యూనిఫాం వేసుకున్నది నేనొక్కదాన్ని. ఆ కార్డు మీద ఎవరో మహాతల్లి లావు అక్షరాలతో “మూత్ర విసర్జనకు చోటు లేని మహిళా కార్మికుల ఆరోగ్యం” అని రాసింది. నేను దాని ముందు నిలబడ్డాను. చెయ్యి కూడా ఎత్తాను. వెనక నుంచి మా మేనేజరు, “దేనికి పెడుతున్నావమ్మా? కానీ, కానీ” అన్నాడు. ఒట్టు, ప్రేమగానే అన్నాడు. ఆయన పక్కన మునిసిపాలిటీ ఆయన, ఆ పక్కన ఇంకెవరో డాక్టరు. దాని మీద పసుపు చుక్క పడితే అది ఎవరిదో చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఎత్తిన చెయ్యి దానంతటదే పక్కకి పోయింది. పక్కన పార్కు ఉంది. మూడూ అక్కడే అంటించేశాను. నాకు పార్కు దేనికే, గుబురు పొదలు పెంచితే తప్ప!

డిపోకి రాగానే వాళ్ళు “చెప్పావా అక్కా?” అన్నారు. “చెప్పాను” అన్నాను. సంతోషంగా నాకు టీ తెచ్చిచ్చారు. ఆ టీ తాగకుండానే పక్కన పెట్టేశాను. ఇంత వయసొచ్చి నా వాళ్ళ దగ్గరే అబద్ధం ఆడాను చూడు, దానికి సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఎందుకంత భయపడ్డానో నీకొక్కదానికే చెప్తాను. ఎండాకాలంలో ఒకరోజు జ్వరంతోనే డ్యూటీకి వెళ్ళాను. క్వారీ నుంచి తిరిగొస్తుంటే దారికి అడ్డంగా లారీ చెడిపోయి బండి ఆగిపోయింది. పళ్ళ బిగువున కూర్చున్నాను. నా వల్ల కాలేదు పిడుగా. నా సీట్లోనే అయిపోయింది. చేతిలో టికెట్ల మిషను, మెడలో విజిలు, చుట్టూ జనం. భూమి చీలి నన్ను లోపలికి లాగేసుకుంటే బావుండుననిపించింది. నా ఎదురు సీట్లో రోజూ ఒక పెద్దావిడ కూర్చుంటుంది. పేరు తెలీదు. ఆవిడ పాసు చూపిస్తుంది, నేను తల ఊపుతాను, అంతే మా పరిచయం. ఆవిడ నా సీటు వైపు ఒక్కసారి చూసింది. సంచీలోంచి నీళ్ళ సీసా తీసి, మూత తిప్పి, లేచి నిలబడి, నా ఒళ్ళోకి, సీటు మీదకి, తన బట్టల మీదకి కూడా బుడబుడా ఒంపేసింది. “అయ్యయ్యో, చెయ్యి జారిందమ్మా! నిలువునా తడిపేశాను, నా చేతులు పడిపోనూ!” అని బండంతా వినపడేట్టు లబలబలాడింది. అందరూ ఆవిడని విసుక్కున్నారు. నన్ను చూసి పాపం అన్నారు.

ఇంటికొచ్చి బట్టలు ఉతుక్కుని వంట చేశాను. మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు. ఇది కూడా చించెయ్.

వదిన

---

జూలై 12

నా బంగారు వదినా,

నీ ఉత్తరం ఆఫీసులో తెరిచాను, అదే పొరపాటు. కళ్ళు తుడుచుకోవడానికి ఫైళ్ళ బీరువా వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. ఆ లావు అక్షరాల మహాతల్లిని నేనే. తిట్టు, పడతాను. నిన్ను అనుమానించినందుకు ఇంకా గట్టిగా తిట్టు.

కానీ ఏడ్చి ఊరుకోలేదు. మా నివేదిక సరిగ్గా అప్పుడే అచ్చుకి సిద్ధమవుతోంది. అడుగున పడిపోయిన నీ ప్రశ్న పక్కన చిన్న పెట్టె కట్టి, అందులో నీ అనుభవం రాశాను. కంగారు పడకు, నీ పేరు లేదు, డిపో పేరు లేదు. “నగరం అంచున రాళ్ళ క్వారీ దాకా వెళ్ళే బస్సులో పనిచేసే ఒక మహిళా కండక్టరు” అని మాత్రమే వేశాను. నీళ్ళ సీసా కూడా ఉంది, అది లేకపోతే ఆ కథకి ప్రాణమే లేదు. మా డైరెక్టరు గారు చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. పెద్ద డాక్టర్లు వరస మళ్ళీ చూద్దామన్నారు. నీ ప్రశ్న అడుగు నుంచి ఏకంగా రెండో స్థానానికి వచ్చేసింది వదినా! నెలాఖరు తర్వాత జరిగే ఆఖరి సమావేశంలో ఖాయం చేయడమే మిగిలింది. పై పది ప్రశ్నల్లో ఉంటే చాలు, దానికి డబ్బు వస్తుంది, మనుషులు వస్తారు, రేపు ఊళ్ళు కట్టేవాళ్ళు దీన్ని తప్పించుకోలేరు.

మీటింగుకి వచ్చినవాళ్ళందరికీ నివేదిక ప్రతులు పంపాం. మీ మేనేజరు గారికి కూడా. చదివి ఆయనకైనా తెలిసిరావాలి.

నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

పిడుగు

---

జూలై 30

వదినా,

జవాబేది? పోస్టులో పోయిందా?

ఫోను చేస్తే అన్నయ్య ఎత్తి, “మీ వదిన పడుకుంది” అని పెట్టేశాడు. ఆదివారం సాయంత్రం నువ్వు పడుకోవడమేంటి? మళ్ళీ జ్వరమా? డాక్టరు దగ్గరికి వెళ్ళు, వాయిదా వెయ్యకు. ఇక్కడ మా గదిలో కొళాయి విరిగిపోయి నాలుగు రోజులుగా బకెట్లు మోస్తున్నాం, నా గదిలో ఉండే అమ్మాయి ప్రతి బకెట్టుకీ ఇంటి ఓనరుని ఒక తిట్టు తిడుతోంది. నువ్వుంటే రెండు తిట్టేదానివి.

నాకొకటి తోచింది, నిజమైతే మొహమాటం లేకుండా చెప్పు. అందరూ అంతగా మెచ్చుకున్న అనుభవానికి నీ పేరు వెయ్యలేదని చిన్నబుచ్చుకున్నావా? నువ్వు సరేనంటే ఆఖరి ప్రతిలో పేరు వేయిస్తాను. ఫొటో కూడా వేస్తారు. యూనిఫాంలో ఉన్నది పంపు.

ఎదురుచూస్తూ,
పిడుగు

---

ఆగస్టు 6

పరిశోధకురాలు గారికి,

మీ నివేదిక అందింది. పేరు వెయ్యలేదు, చాలా సంతోషం. ఫొటో కూడా అవసరం లేదు. క్వారీ రూటులో ఆడ కండక్టరు ఒక్కతే ఉందండి. ఈ ఊళ్ళో ఏ స్టాపులో అడిగినా ఎవరో చెప్తారు.

మా మేనేజరు గారు పొద్దున్న హాజరు వేళ అందర్నీ నిలబెట్టి ఆ పెట్టెలోది పైకి చదివారు. నన్ను పొగడాలనే. “మన డిపో అమ్మాయి ఎంత కష్టపడుతోందో వినండయ్యా” అని గొంతు వణికించి మరీ చదివారు. సీటు తడిసిన చోటికి వచ్చేసరికి అందరూ తలలు దించుకున్నారు. ఒక్కరు కూడా నా వైపు చూడలేదు. మర్నాడు నా సీటు మీద ఎవరో నీళ్ళ సీసా పెట్టి ఉంచారు. డ్రైవరు అద్దంలోంచి నవ్వి, “అక్కా, ఇవాళ చెయ్యి జారదుగా?” అన్నాడు.

ఆ ప్రశ్నకి ఒక్క చుక్కా పడలేదని కూడా మీ పుస్తకంలోనే ఉంది. మా ఆడవాళ్ళు అది చదువుకున్నారు. “చెప్పానన్నావుగా అక్కా” అన్నారు. టీ తెచ్చిచ్చినవాళ్ళే పక్కన కూర్చోవడం మానేశారు.

మీ అన్నయ్య ఆ కథంతా టీ కొట్టు దగ్గర ఎవరో నవ్వుకుంటుంటే విన్నాడు. ఇంటికొచ్చి “నాకు చెప్పలేదేం?” అన్నాడు. ఒక్కసారే అన్నాడు. ఆ తర్వాత అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోయాడు. అత్తయ్య నా పరుపు మీద రబ్బరు గుడ్డ పరిచి ఉంచారు. ఆవిడా మంచి మనసుతోనే చేశారు. అందరూ మంచివాళ్ళే. ఇంతమంది మంచివాళ్ళ మధ్య నేను తల ఎత్తుకోలేకపోతున్నాను.

చించెయ్యమని రెండుసార్లు రాశానే. రెండుసార్లు! నువ్వు అచ్చు వేశావు.

సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. మళ్ళీ ఆ బండి ఎక్కుతానో లేదో తెలీదు. ఆ పెట్టె తీసెయ్యండి.

ఇట్లు,
ఒక మహిళా కండక్టరు

---

ఆగస్టు 12

వదినా,

అలా పిలిచే అర్హత ఉందో లేదో తెలీదు. వేరేలా పిలవడం నాకు చేతకాదు.

తప్పు నాది. మీ మేనేజరుది కాదు, డ్రైవరుది కాదు. మా ఆఫీసులో ఒక నియమం ఉంది. ఎవరి మాటైనా అచ్చులో వెయ్యాలంటే ముందు వాళ్ళకి చదివి వినిపించి, సరేనంటే సంతకం తీసుకోవాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఆ నియమం గురించి పాఠం చెప్పేది నేనే. దారినపోయే మనిషి అయితే తప్పకుండా అడిగేదాన్ని. నువ్వు మా వదినవి కదా అని అడగలేదు.

ఏడ్చానని రాశాను కదా. ఏడుస్తూనే, ఇది ఏ పేజీలో పెడితే బావుంటుందా అని ఆలోచించాను. రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. పైగా నీ ఫొటో అడిగాను. ఆ వాక్యం గుర్తొచ్చినప్పుడల్లా ఎక్కడ ఉంటే అక్కడ కళ్ళు మూసుకుంటున్నాను.

పెట్టె తీసెయ్యాలని డైరెక్టరు గారికి చెప్పాను. “అది పోతే ఆ ప్రశ్న మళ్ళీ అడుక్కి పోతుంది. ఒక్క మనిషి సిగ్గు కోసం అంతమంది ఆడవాళ్ళ మేలు వదులుకుంటావా?” అన్నారు. ఆ మాటకి ఒక్క క్షణం మెత్తబడ్డాను వదినా. ఆ క్షణానికి కూడా సిగ్గుపడుతున్నాను. తర్వాత తీసేశాను. పంపిన ప్రతులు వెనక్కి ఇవ్వమని అందరికీ రాశాను. కానీ జనం విన్నది ఎలా వెనక్కి తీసుకోను?

వచ్చి నీ కాళ్ళు పట్టుకోవాలనుంది. అన్నయ్యకి, అమ్మకి ఏ మొహం చూపించను?

పిడుగు

---

సెప్టెంబరు 2

వదినా,

నువ్వు జవాబు రాయలేదు. రాయమని అడగడానికి కాదు ఇది. ఏం జరిగిందో నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

ఆఖరి సమావేశం మా ఆఫీసులో జరిగింది. పెట్టె లేదు. డైరెక్టరు గారు అన్నట్టే ఆ ప్రశ్న గురించి ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ రంగు చుక్కలు పంచారు. ఆఫీసువాళ్ళవి తెల్లవి. అవి చేతిలో పడగానే నేను లేచి నిలబడ్డాను. 

జూన్‌లో మీ ఊరి హాలు ముందుగా చూసి ఖాయం చేసింది నేనేనని చెప్పాను. ఆడవాళ్ళ గది నిండా కుర్చీలున్నాయని నాకు ముందే తెలుసని చెప్పాను. అవును వదినా, నువ్వు రాసినప్పుడు ఆ సంగతికి జవాబివ్వకుండా దాటేశాను. కుర్చీలు తీయించమంటే ఎందుకని ఆ కాపలా ఆయన అడుగుతాడు. ఆ మగాడికి అది చెప్పడానికి సిగ్గుపడి ఊరుకున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకుని, మైకు పట్టుకుని ఆరోగ్యం గురించి మాట్లాడాను. ఆ రోజు కూడా నా చేతిలో మూడు తెల్ల చుక్కలున్నాయి. పక్కన డైరెక్టరు గారు నిలబడ్డారు. నేను కూడా పార్కుకే అంటించాను. ఇదంతా అక్కడ పైకే అన్నాను.

అందరూ బల్ల వైపు చూస్తూ కూర్చున్నారు. డిపోలో నీ చుట్టూ తలలు ఎలా దిగాయో అప్పుడు తెలిసింది. చుక్కలు వద్దు, చీటీలు రాసి మడిచి డబ్బాలో వేద్దామన్నాను. డైరెక్టరు గారు విసుక్కుంటూనే ఒప్పుకున్నారు. విప్పి చూస్తే ఆ ప్రశ్నకి పడ్డ చీటీలు గదిలో ఉన్న ఆడవాళ్ళకంటే ఎక్కువ ఉన్నాయి. పదింటిలో పదోదిగా లోపలికి వచ్చింది. అంచు మీద నిలబడింది, కానీ లోపలే ఉంది.

అడగకుండా ఒకరి మాట అచ్చు వేశానని కూడా నేనే చెప్పాను. నివేదికల పని నా చేతిలోంచి తీసేశారు. సబబే. ఇకమీదట మీటింగులకి హాళ్ళు చూడటం, ఏర్పాట్లు చెయ్యడం నా పని. వెళ్ళిన చోటల్లా ముందు ఆ తలుపే తీసి చూస్తున్నాను.

నీ ఉత్తరాలు రెండూ చించేశాను. చెప్పినప్పుడు చెయ్యాల్సిన పని.

పిడుగు

---

సెప్టెంబరు 15

పిడుగా,

అంతమంది మగవాళ్ళ ముందు లేచి అంత మాట అనేశావా! నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. నీ సంతకం తీసుకోలేదు, కావాలంటే కోర్టుకి వెళ్ళు. ఆయన సగంలో లేచి టీవీ కట్టేసి వచ్చి కూర్చున్నాడు. అత్తయ్య రబ్బరు గుడ్డ తీసి మడిచి అటక మీద పడేశారు.

మా వాళ్ళ దగ్గరికి నేనే వెళ్ళాను. “చెప్పలేదు, భయపడ్డాను, మీతో అబద్ధం ఆడాను” అన్నాను.  మాలో అందరికంటే గడుసుది, “నేనైతే ఆ గోడ దగ్గరికే వెళ్ళేదాన్ని కాదు అక్కా” అంది. ఇప్పుడు పక్కన కూర్చుంటున్నారు. టీ మాత్రం ఇంకా ఎవరి డబ్బుతో వాళ్ళు తాగుతున్నాం.

డ్యూటీలో చేరాను. రూటు మార్చమంటావా అని మేనేజరు అడిగాడు. మారిస్తే తలదించుకుని పోయినట్టవుతుంది, వద్దన్నాను. డ్రైవరు మళ్ళీ అదే కూత కూశాడు. “ఈసారి జారితే నీ నెత్తి మీదే” అన్నాను. నవ్వాడు, ఊరుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. లోపల ఇంకా సిగ్గుగానే ఉంది. పదోదని రాశావు. పదోదాని వంతు ఎప్పుడొస్తుందో ఏమో, క్వారీలో ఇంకా ఆ గోడే ఉంది, నేను ఇంకా సగం గ్లాసే తాగి బయల్దేరుతున్నాను.

నీకు ఒకటి చెప్పాలి. చించెయ్యమని అనను, నీ ఇష్టం.

నిన్న ఆ పెద్దావిడ బండి ఎక్కింది. అదే సంచీ, అదే సీటు. నేను చేరిన దగ్గర్నుంచీ ఆవిడ కోసమే చూస్తున్నాను, ఊరెళ్ళిందో ఏమో కనపడలేదు. అప్పట్లో సిగ్గుతో ఆవిడకి ఒక్క దణ్ణమైనా పెట్టుకోలేదే అని నా బాధ. జనం పలచబడ్డాక పక్కకి వెళ్ళి నిలబడి, మెల్లిగా, “అమ్మా, ఆ ఎండాకాలంలో, ఆ రోజు మీ నీళ్ళ సీసా...” అన్నాను.

ఆవిడ నన్ను ముందుకి మాట్లాడనివ్వలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, “ఏ సీసా తల్లీ? నాకేం తెలీదు. నేను ఈ బండి ఎక్కడం ఇదే మొదలు” అంది.

అంటూనే అలవాటు చొప్పున పాసు తీసి చూపించింది. నెల పాసు. దాని మీద మా రూటు నంబరు ఉంది. నేను రోజూలాగే తల ఊపాను.

నీ మీద కోపం ఇంకా పోని,
వదిన